వెలుగు కోసం వేచి ఉన్నవాడు

ఇంగ్లండ్‌లోని వెల్స్ చిన్న పట్టణం. అక్కడి కేథడ్రల్ మాత్రం చాలా పెద్దది. ఆ చర్చిలో ఒక పక్కన 13వ శతాబ్దంలో వేసిన రాతి మెట్లున్నాయి. చర్చి పెద్దలు కూడి మాట్లాడుకునే ఎనిమిది కోణాల మందిరానికి వెళ్లాలంటే ఆ మెట్లెక్కి కుడివైపుకు తిరగాలి. తిరగకుండా నేరుగా పైకి సాగితే, ఆరాధనలో పాటలు పాడేవారి ఇళ్లకు చేర్చే వంతెన వస్తుంది. ఆరు వందల ఏళ్లపాటు గురువులూ, గాయకులూ ఆ మెట్లమీదే పైకీ కిందికీ నడిచారు. వాళ్ల పాదాల కింద రాయి అరిగి, మెట్ల అంచులు వంకర తిరిగి, ఎక్కడికక్కడ గుంటలు పడ్డాయి. రోజూ ఆ మెట్లు ఎక్కేవాళ్లకు అవి అరిగిపోయిన మెట్లే. కాలు జారకుండా జాగ్రత్తగా ఎక్కితే చాలు.

1903లో యాభై ఏళ్ల ఫ్రెడరిక్ ఇవాన్స్ ఆ మెట్ల ముందు మూడు కాళ్ల స్టాండు మీద చెక్క కెమెరా నిలబెట్టాడు. నల్లగుడ్డ కింద తల దూర్చి చూస్తే ఆయనకు అవి మెట్లలా కనిపించలేదు, ఒడ్డుకు వస్తున్న అలల్లా కనిపించాయి. కుడివైపుకు తిరిగే మెట్ల వంపు పెద్ద అల లేచినట్టుగా ఉంది. పైన కమాను అవతల కనిపించే మెట్లు దూరాన చిన్న చిన్న అలల్లా ఉన్నాయి. ఆయన ఆ ఫొటోకు ‘మెట్ల సముద్రం’ అని పేరు పెట్టాడు. చర్చిల లోపలి భాగాన్ని చూపించే ఫొటోల్లో ప్రపంచమంతా ఎక్కువగా చెప్పుకునేది బహుశా ఈ ఒక్క ఫొటో గురించే!

ఇవాన్స్ 1853 జూన్ 26న లండన్‌లో పుట్టాడు. ఫొటోగ్రఫీ ఆయన వృత్తి కాదు. లండన్‌లో చీప్‌సైడ్ దగ్గర క్వీన్ స్ట్రీట్‌లో ఆయనకు భాగస్వామ్యంలో ఒక పుస్తకాల షాపుండేది. కొనేవాళ్లను తొందరపెట్టి పంపేసే వ్యాపారి కాదాయన. షాపుకొచ్చిన వాళ్లతో పుస్తకాల గురించి మాట్లాడుతూ కూర్చునేవాడు. అలా వచ్చినవారిలో, ఆ తర్వాత ప్రపంచ ప్రఖ్యాతి గడించిన నాటక రచయిత బెర్నార్డ్ షా ఒకడు. మరొకడు ఆబ్రీ బియర్డ్‌స్లీ అనే బక్కపలచని కుర్రాడు. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే ఆ అబ్బాయి మధ్యాహ్నం భోజన విరామంలో షాపుకొచ్చి, డబ్బుల్లేక పుస్తకాలను తిరగేసి వెళ్లేవాడు. అతను బొమ్మలు గీస్తాడని తెలిశాక, బొమ్మలు తీసుకుని బదులుగా పుస్తకాలిచ్చేందుకు ఇవాన్స్ ఒప్పుకున్నాడు. అంతటితో ఊరుకోకుండా డెంట్ అనే ప్రచురణకర్తకు అతణ్ణి పరిచయం చేసి, ఆర్థర్ రాజు కథల పుస్తకానికి బొమ్మలు వేసే పని ఇప్పించాడు. బియర్డ్‌స్లీకి చిత్రకారుడిగా దొరికిన మొదటి పెద్ద పని అదే. క్షయవ్యాధితో 1898లో పాతికేళ్లకే అతను చనిపోయాడు. పొడవాటి వేళ్లను చెంపలకు ఆనించుకుని ఉన్న అతని ముఖాన్ని ఇవాన్స్ తీసిన ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. చర్చి ఫొటోల మనిషి కథలో ఇదెందుకని అనిపించవచ్చు. కాని ఎదుటివాళ్లు పట్టించుకోని చోట ఆగి చూడడం ఇవాన్స్‌కు షాపులోనే అలవాటైందనిపిస్తుంది.

ఆయన కెమెరా పట్టింది 1880లలో. మొదట తీసినవి చర్చిలు కావు, సూక్ష్మదర్శిని కింద కనిపించే చిన్న చిన్న గవ్వలు! వాటి మెలికలూ గీతలూ గాజుపలక మీదికి ఎక్కించిన పనికి 1887లో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆయనకు పతకమిచ్చింది. కంటికి ఆనని గవ్వ దగ్గర మొదలైన మనిషి, తల పూర్తిగా వెనక్కు వంచితే తప్ప పైకప్పు కనిపించని చర్చిల దాకా వెళ్లాడు. లింకన్ కేథడ్రల్‌లో ఆయన తీసిన ఫొటోల్లో ఒక ఇరుకైన బురుజు లోపల పైకి మెలికలు తిరిగే మెట్లున్న ఫొటో ఒకటుంది. దాన్ని చూస్తే ఈ రెండింటికీ ఉన్న సంబంధం ఇట్టే అర్థమవుతుంది. అది రాతితో కట్టిన గవ్వలాగే ఉంటుంది.

1898లో ఆరోగ్యం బాగాలేక ఇవాన్స్ పుస్తకాల వ్యాపారం నుండి తప్పుకున్నాడు. అప్పటికాయనకు 45 ఏళ్లు. ఆ వయసులో నడుస్తున్న వ్యాపారాన్ని వదిలేసి, చీకటి చర్చిల్లో కెమెరా పెట్టుకుని నిలబడతానంటే ఇంట్లోవాళ్లయినా, బంధువులైనా సంతోషించే విషయం కాదు. ఆయన మాత్రం అదే చేశాడు.

పెద్ద చర్చి లోపల ఫొటో తీయడం ఎందుకంత కష్టమో కొంచెం వివరంగా చెప్పాలి. మెదక్ చర్చిలో సెల్‌ఫోన్‌తో ఫొటో తీసినవాళ్లకు ఇది అనుభవమే. రంగుల గాజు కిటికీ బాగా కనిపించాలంటే గోడలన్నీ నల్లగా పడతాయి. గోడలూ స్తంభాలూ కనిపించాలంటే కిటికీ తెల్లటి మచ్చగా మారిపోతుంది. మన కన్ను ఈ రెండింటినీ సర్దుకుని చూస్తుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఇవాన్స్ కాలంలో ఇంకో చిక్కు కూడా ఉండేది. అప్పట్లో ఫిల్ము బదులు రసాయనం పూసిన గాజుపలకలు వాడేవారు. కిటికీలోంచి వచ్చే బలమైన వెలుగు ఆ రసాయనం పొరను దాటి, గాజు వెనక తలానికి తగిలి తిరిగి వచ్చి, కిటికీ చుట్టూ పొగమంచులాంటి వలయాన్ని ముద్రించేది. దాంతో కిటికీ పక్కనున్న చెక్కడాలన్నీ అందులో కరిగిపోయేవి. దానికి విరుగుడుగా పలక వెనక ముదురు రంగు పూత పూసేవారు, లేదా రసాయనం రెండు పొరలుగా పూసిన పలకలు వాడేవారు.

మరి దీపాలు పెట్టి తీయవచ్చు కదా అంటారా? మెగ్నీషియం పొడిని భగ్గున మండించి ఫొటో తీసే పద్ధతి 1887 నాటికే వచ్చింది. కాని వెలుగుకు ఒక నియమం ఉంది. దీపం నుండి రెట్టింపు దూరం వెళితే వెలుగు సగం కాదు, పావు వంతవుతుంది. మూడింతల దూరంలో తొమ్మిదో వంతే మిగులుతుంది. ఈలీ కేథడ్రల్ పొడవు 160 మీటర్ల పైమాటే! అక్కడ ఒక మూల మెగ్నీషియం వెలిగిస్తే దగ్గరి స్తంభం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది, దూరాన ఉన్న బలిపీఠం చీకట్లోనే ఉంటుంది. పైగా గది నిండా పొగ. పెళ్లిళ్లప్పుడు మన చర్చిల్లో వీడియోవాళ్లు లైటు వెయ్యగానే ముందు వరుసలోని వాళ్ల ముఖాలు పాలిపోయి, వెనక బల్లలన్నీ మాయమవడం చూస్తూనే ఉంటాం. దీపాలు చాలా పెట్టి, వాటిని స్తంభాల చాటున దాచి నేర్పుగా వెలిగించేవాళ్లు ఇప్పుడున్నారు. అదీ ఒక విద్యే, తక్కువ చేసి మాట్లాడడానికి లేదు. కాని ఇవాన్స్ ఎంచుకున్న దారి వేరు. చర్చిలోకి తాను వెలుగు తీసుకెళ్లకుండా, అక్కడికి వచ్చే వెలుగు కోసమే ఆయన ఆగేవాడు.

ఆగడమంటే గంటా రెండు గంటలు కాదు. ఒక్కో కేథడ్రల్ ఉన్న ఊళ్లో వారాల తరబడి మకాం వేసేవాడు. ఉదయం వెలుగు తూర్పు కిటికీలోంచి ఎంత దూరం పడుతుందో, మధ్యాహ్నం ఏ స్తంభం నీడ ఏ సమాధిని కప్పుతుందో, సాయంత్రం పడమటి తలుపు తెరిస్తే నేల ఎలా మెరుస్తుందో, కెమెరా ముట్టుకోకుండా తిరిగి తిరిగి చూసేవాడు. మబ్బు పట్టిన రోజుకూ, ఎండ కాసిన రోజుకూ తేడా గమనించేవాడు. నచ్చిన వెలుగు పడేది మరో కాలంలోనని తేలితే ఆ కాలం కోసం ఎదురుచూసేవాడు. అడ్డంగా ఉన్న కుర్చీలు తీయించమని చర్చి అధికారులను బతిమాలేవాడు. కుర్చీలు తీశాక కనిపించే రాతినేల మీద వెలుగు పారే తీరు ఆయన ఫొటోల్లో సగం అందం.

కెమెరాను పైకెత్తితే స్తంభాలన్నీ వెనక్కు వాలినట్టు పడతాయి. అందుకే ఇలాంటి కెమెరాలను నేలకు సమంగా ఉంచి, లెన్సు ఉన్న ముందుపలకను మాత్రమే పైకి జరుపుతారు. అప్పుడు స్తంభం నిటారుగా నిలబడుతుంది, కప్పు కూడా ఫొటోలోకి వస్తుంది. వెలుగు వచ్చే రంధ్రాన్ని బాగా కుదిస్తే దగ్గరి స్తంభమూ, దూరపు కిటికీ రెండూ స్పష్టంగా పడతాయి. కాని రంధ్రం కుదిస్తే వెలుగు తగ్గుతుంది కాబట్టి లెన్సును నిమిషాల తరబడి తెరిచే ఉంచాలి. ఇందులో ఒక తమాషా ఉంది. అంతసేపు తెరిచి ఉన్న కెమెరా ముందు నుండి ఎవరైనా నడిచి వెళ్లిపోతే వాళ్ల జాడ కూడా పలక మీద పడదు. కదలకుండా ఉన్న రాయీ, మెల్లగా జరిగే వెలుగూ మాత్రమే మిగులుతాయి. ఇవాన్స్ ఫొటోల్లో మనుషులు దాదాపు కనిపించరు. అయినా ఆ చర్చిలు ఖాళీగా ఉన్నట్టు ఉండవు. ఎవరో ఇప్పుడే ప్రార్థన ముగించుకుని వెళ్లినట్టో, ఎవరో రాబోతున్నట్టో ఉంటాయి.

ఈలీ కేథడ్రల్‌కు ఒక చరిత్ర ఉంది. 1322 ఫిబ్రవరిలో ఒక రాత్రి దాని నడిమధ్యనున్న పెద్ద గోపురం కుప్పకూలింది. కూలిన చోట మళ్లీ అలాంటి గోపురమే కట్టకుండా, అక్కడి సన్యాసి ఆలన్ ఆఫ్ వాల్సింగ్‌హామ్ నేతృత్వంలో నాలుగు స్తంభాల స్థానంలో ఎనిమిది స్తంభాలు నిలిపి, వాటిమీద ఓక్ దూలాలతో ఎనిమిది కోణాల లాంతరును కట్టారు. చుట్టూ కిటికీలున్న ఆ లాంతరులోంచి వెలుగు నేరుగా చర్చి నడిబొడ్డున దిగుతుంది. గోపురం కూలకపోతే అక్కడికి ఆ వెలుగు వచ్చేది కాదు. ఇవాన్స్ ఈ చోటిని ఫొటో తీసేటప్పుడు వెలుగు కింద నిలబడలేదు. పక్కనున్న చీకటి నడవలో కెమెరా పెట్టుకుని, కమానుల మధ్య నుండి ఆ వెలుగు వైపు చూశాడు. దగ్గర చీకటి, దానికవతల కొంత నీడ, ఆ పైన వెలుగు. చూసేవాళ్లకు లేచి అటు నడవాలనిపిస్తుంది. ఆయన ఫొటోల్లో చాలావాటి అమరిక ఇదే. ఒక తలుపు తెరిచి ఉంటుంది, లేదా ఒక కమాను వెనక మరో కమాను ఉంటుంది. ఫ్రాన్స్‌లోని బూర్జ్ కేథడ్రల్‌లో తీసిన ఒక ఫొటోకైతే ‘ఎత్తు, వెలుగు’ అనే పేరు పెట్టేశాడు.

యార్క్ మినిస్టర్‌లో తీసిన మరో ఫొటో ఉంది. అందులో ఒక సమాధి, దానిమీదికి పైనుండి దిగే వెలుగు కనిపిస్తాయి. దానికి ‘నిశ్చయమైన నిరీక్షణతో’ అని ఆయన పేరు పెట్టాడు. ఆంగ్లికన్ సంఘంలో భూస్థాపన వేళ చదివే ప్రార్థనలో, మృతుల పునరుత్థానాన్ని గురించి చెప్పే చోట వచ్చే మాటలవి. సమాధిని మాత్రమే ఫొటో తీసి ఉంటే దానికి ఈ పేరు కుదిరేది కాదు. ఆ వెలుగు పడేదాకా ఆగాడు కాబట్టి కుదిరింది. ఇవాన్స్ ఎంతటి భక్తుడో, ఏ సంఘం వాడో తేల్చే పని మనం పెట్టుకోనక్కర్లేదు. తాను తీస్తున్నది కట్టడం కొలతల చిత్రపటం కాదనీ, అందులో నిలబడినప్పుడు మనసులో కలిగినదాన్ని పట్టుకోవడమే తన పని అనీ ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఈ విషయంలో ఆయన మొండివాడు కూడా. ఆ రోజుల్లో ఫొటో కూడా ఒక కళే అని నిరూపించడానికి చాలామంది దానిమీద కుంచె పట్టి గీసేవారు, గీకేవారు, రంగు పులిమేవారు. ఇవాన్స్‌కు అది గిట్టేది కాదు. 1900లో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీలో ఆయన ఫొటోలు 150 ప్రదర్శనకు పెట్టారు. ఆ సందర్భంగా మాట్లాడుతూ, గాజుపలక మీద పడినదాన్ని పడినట్టే చూపించాలని వాదించాడు. దిద్దుబాటు చేతితో కాదు, ముందే కంటితోనూ ఓపికతోనూ జరగాలన్నది ఆయన పట్టుదల. పత్రికల్లో ఈ విషయమై గట్టిగానే తగవులాడాడు. అలా దిద్దేవాళ్లు కూడా ఉన్న లింక్డ్ రింగ్ అనే ఫొటోగ్రాఫర్ల బృందం అదే ఏడాది ఆయనను సభ్యుడిగా తీసుకోవడం విశేషమే. 1903 అక్టోబరులో న్యూయార్క్ నుండి వెలువడే ‘కెమెరా వర్క్’ పత్రిక తన నాలుగో సంచికలో ఆయన ఫొటోలను ప్రచురించింది. వాటి గురించి వ్యాసం రాసింది పాత స్నేహితుడు బెర్నార్డ్ షా! మతవ్యవస్థను జీవితాంతం నిర్మొహమాటంగా విమర్శించిన షా, చర్చిల ఫొటోలు తీసే ఇవాన్స్‌ను మెచ్చుకుంటూ రాయడం చూస్తే ఆ ఫొటోల బలం ఎంతో తెలుస్తుంది.

ఆ తర్వాత ‘కంట్రీ లైఫ్’ పత్రిక ఆయనకు పని ఇచ్చింది. ఆ పత్రిక కోసం ఇంగ్లండ్‌లోనూ, ఫ్రాన్స్‌లోనూ తిరిగాడు. 1911లో వెస్ట్‌మినిస్టర్ అబ్బేను ఫొటో తీశాడు.

ఆయన పని అంతా ప్లాటినం కాగితం మీద ఆధారపడింది. మామూలుగా ఫొటోలు వెండి రసాయనాలతో ముద్రించేవారు. ప్లాటినంతో ముద్రిస్తే నలుపుకూ తెలుపుకూ మధ్య బూడిద రంగు ఛాయలు ఎన్నో మెత్తగా పలుకుతాయి, ఆ ముద్ర ఏళ్లు గడిచినా వెలిసిపోదు. చర్చిలోని నీడలో నీడను చూపించాలంటే ఇవాన్స్‌కు అది తప్పనిసరి. అయితే 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. పేలుడు పదార్థాల తయారీకి కావలసిన ఆమ్లాల పరిశ్రమకు ప్లాటినం అవసరమైంది. ధర ఆకాశాన్నంటింది, కాగితం బజారులో దొరకకుండా పోయింది. కేథడ్రల్ గోడమీది వెలుగును ముద్రించిన లోహం ఫిరంగుల పనికి వెళ్లిపోయిందన్నమాట. వెండి కాగితంతో సరిపెట్టుకున్నవాళ్లు చాలామంది. ఇవాన్స్‌కు ఆ కాగితం నచ్చలేదు. అరవై దాటిన వయసులో, చేతిలో విద్య ఉండగానే, చర్చి ఫొటోల పనిని దాదాపు ఆపేశాడు.

అంత మొండితనం అవసరమా అని నాకూ అనిపిస్తుంది. వెండి కాగితం మీదైనా ఇంకో పదిహేనేళ్లు తీసి ఉంటే మనకెన్ని ఫొటోలు మిగిలేవో! కాని వెలుగు సరిగా పడేదాకా లెన్సు మూత తీయని మనిషి, ఆ వెలుగును సరిగా చూపించలేని కాగితానికి ఒప్పుకోకపోవడంలో వింతేముంది?

ఆ తర్వాత ఆయన దాదాపు ముప్ఫై ఏళ్లు బతికాడు. పియానోలా అనే, తనంతట తాను మోగే పియానో మీద ఆయనకు ఎంతో ఇష్టం, దాంతో కాలక్షేపం చేసేవాడు. 1928లో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ గౌరవ సభ్యత్వమిచ్చింది. బయటి లోకం మెల్లగా మరిచిపోయింది. 1964లో అమెరికన్ చరిత్రకారుడు బోమంట్ న్యూహాల్ ఆయనమీద పుస్తకం రాశాక గాని ఆ పేరు మళ్లీ గట్టిగా వినిపించలేదు. 2010లో లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియం ఆయన ఫొటోలతో పెద్ద ప్రదర్శన పెట్టింది.

1943 జూన్ 24న, ఇంకో రెండు రోజుల్లో తొంభై ఏళ్లు నిండుతాయనగా, ఇవాన్స్ లండన్‌లో కన్నుమూశాడు. అప్పుడు రెండో ప్రపంచయుద్ధం జరుగుతోంది. కోవెంట్రీ కేథడ్రల్ 1940 నవంబరులో బాంబులకు తగలబడి మొండిగోడలతో మిగిలింది. యార్క్‌లో బాంబుల భయంతో శతాబ్దాల నాటి రంగుల గాజును కిటికీల నుండి ఊడదీసి, పెట్టెల్లో పెట్టి దాచారు. యుద్ధం ముగిశాక ఆ ముక్కలన్నీ వెలికితీసి, శుభ్రం చేసి, ఒక్కొక్క కిటికీగా మళ్లీ అమర్చడానికి చాలా ఏళ్లు పట్టింది.